నవ్వించు వాయువును విరుచు విద్యుత్తు

నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తియైన పిదప మంజీరా నీరు బోధను, నిజామాబాదు పొలములకు పారినది. ఆ నీటిని నమ్ముకొనియే 1937లో బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 2015లో అది మూతపడినది. చెరకు తగ్గి, వరి, పసుపు ముందునకు వచ్చినవి. పైరు మారినను, మడికి పెట్టు నీరు, చల్లు యూరియా మానలేదు. ఈ రెండును కలిసినచోట కంటికి కనబడని వాయువొకటి పుట్టుచున్నది. దాని పేరు నైట్రస్ ఆక్సైడు.

ఇది క్రొత్త వస్తువు కాదు. 1772లో ప్రీస్ట్‌లీ దీనిని కనుగొనెను. 1799లో హంఫ్రీ డేవీ తానే పీల్చి పరీక్షించెను. పీల్చినవారికి నవ్వు వచ్చుటచే నవ్వించు వాయువను పేరు నిలిచినది. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండుటకును దీనిని వాడుదురు. ఆకాశమున చేరిన పిదప మాత్రము ఇది నవ్వులాట కాదు. నూరేండ్ల లెక్కలో, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 273 రెట్లు అధికముగ భూమి వేడిని పట్టియుంచును.

యూరియాను నేలలోని సూక్ష్మజీవులు మొదట అమ్మోనియాగను, పిదప నైట్రేటుగను మార్చును. నేల తడిసి గాలి ఆడనప్పుడు వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రేటులోని ఆమ్లజనిని మెట్టుమెట్టుగ లాగికొనును. చివరి మెట్టు దాటినచో మిగులునది హానిలేని నత్రజని. దాని ముందే పని ఆగినచో నైట్రస్ ఆక్సైడు జారిపోవును. తడిసి ఆరు మడులలో ఇది ఎక్కువ. రైతు డబ్బుపెట్టి కొన్న నత్రజనిలో కొంత ఈ దారినే గాలిపాలగుచున్నది.

ఆ చివరి మెట్టును విద్యుత్తుచేతను దాటింపవచ్చును. 1807లో విద్యుత్తుతో సోడియము, పొటాసియము లోహములను విడదీసి ఈ శాస్త్రమునకు దారి చూపినవాడు ఆ డేవీయే! లవణము కలిపిన నీటిలో రెండు ధ్రువములుంచి వాయువును పంపుదురు. దాని అణువులో రెండు నత్రజని పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు. ఋణధ్రువమున అది రెండు ఎలక్ట్రానులను గ్రహించును. ఆమ్లజని విడివడి ఉదజనితో కూడి నీరగును. నత్రజని బుడగలై లేచును. కాగితముపై ఇది సులభమే. కాని ఈ అణువు మహా సోమరి. పల్లాడియమువంటి లోహము ఆసరా ఇయ్యనిదే చురుకుగ కదలదు. ధ్రువమునకు బలము హెచ్చించినచో నీరే విరిగి ఉదజని వచ్చును. గాలి కలిసియున్నచో అందలి ఆమ్లజని ఎలక్ట్రానులను దోచుకొనును. సూక్ష్మజీవి ఇదే పనిని రాగిగల ఎంజైముతో నిశ్శబ్దముగ చేయుచుండగా, మన పరికరములింకను ప్రయోగశాల గడప దాటలేదు.

దాటినను, అవి పనికివచ్చునది వాయువు ఒకచోట చిక్కు తావులందే: నైట్రిక్ ఆమ్లపు కర్మాగారముల పొగగొట్టములు, ఆసుపత్రుల శస్త్రచికిత్స గదులు. గాలిలో దీని పాలు వందకోట్లకు 330కి కొంచెము పైన. ఎకరములకొలది నేలనుండి పలుచగ లేచుదానిని ఏ పాత్రలో పట్టగలము? పొలమున దానిని పుట్టకముందే ఆపవలెను. యూరియాను ఒకేసారి కుమ్మరింపక పైరు అందుకొనునంత విడతలుగ వేయవలెను. చెరకు, పసుపు మడులలో మురుగు నిలువకుండ కాలువ తీయవలెను. 2015లో మన దేశమున యూరియాకు వేపనూనె పూత తప్పనిసరియైనది. అది నైట్రేటు పుట్టుటను నెమ్మదింపజేయును. అయినను, పెద్దవానకు ముందునాడు చల్లిన యూరియాను ఆ పూత కాపాడగలది స్వల్పమే.