గుమ్మానికి మన పెరటి బంతే కట్టాలంటే... పండగ నుంచి 80 రోజులు వెనక్కి లెక్కపెట్టండి



పొలంలో ఒక్క చుక్క పురుగుమందు వాడం. కానీ దసరా వచ్చిందంటే గుమ్మానికి కట్టే బంతి దండ మాత్రం మార్కెట్ నుంచే తెస్తాం. ఆ పూల మీద ఏం కొట్టారో మనకు తెలియదు. మొన్నమొన్నటి దాకా మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. ఓ ఏడాది నర్సరీ నుంచి హైబ్రిడ్ బంతి నారు తెచ్చి ఇంటి ముందు పెట్టాను. అన్నీ ఒక్కసారే విరగబూశాయి. తీరా దసరా నాటికి సగం వాడిపోయాయి, దీపావళికి ఒక్క పువ్వు లేదు. వాటి గింజలు దాచి మరుసటేడు వేస్తే ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, పూలు తలో రకం.

తప్పు మొక్కది కాదు, నాదే. బంతి, సీతమ్మ జడ, బొగడబంతి, జీనియా, కాస్మాస్ ఇవన్నీ ఒక్క సీజన్ మొక్కలు. మొలిచి, పూసి, గింజ కట్టి, ఎండిపోతాయి. మల్లె, మందారంలా ఒకసారి నాటి వదిలేస్తే కుదరదు. వీటితో ఇల్లు కళకళలాడాలంటే రెండు పనులు తెలియాలి: ఎప్పుడు విత్తాలో లెక్క, విత్తనం దాచుకోవడం.

80 రోజుల లెక్క

నాటు కారబంతి, మామూలు ముద్దబంతి విత్తిన 60–70 రోజులకు పూతకొస్తాయి. కొన తుంచితే ఇంకో 10 రోజులు ఆలస్యం. అందుకే పండగ నుంచి 80 రోజులు వెనక్కి లెక్కపెట్టుకోవాలి. దసరాకైతే మామూలు ఏడాదిలో ఆషాఢ బహుళంలో విత్తనం పడాలి. దీపావళి దసరా తర్వాత 20 రోజులకు వస్తుంది కాబట్టి రెండో విడత మరో 20 రోజులకు వేయాలి. సంక్రాంతి గొబ్బెమ్మలకు అక్టోబరు 25 ప్రాంతంలో మూడో విడత. ఒకేసారి గుప్పెడు గింజలు చల్లే బదులు మూడుసార్లు కొంచెం కొంచెం వేస్తే ముంగిట్లో నాలుగు నెలలు పూలుంటాయి.

రకం కనుక్కుని లెక్క వేయండి. ఢిల్లీలోని ఐఏఆర్ఐ విడుదల చేసిన పూసా నారంగి గేందా లాంటి ఆలస్యపు రకాలు పూతకు రావడానికి నాలుగు నెలలు పడుతుంది.

ఎండాకాలానికి ఫిబ్రవరిలో జీనియా, బొగడబంతి, టేబుల్ రోజ్ అని పిలిచే గడ్డి గులాబి వేసుకోండి. ఎండకు బాగా తట్టుకుంటాయి. గడ్డి గులాబి విత్తనం నలకంత ఉంటుంది. ఇసుకలో కలిపి పైపైన చల్లాలి, మట్టి కప్పకూడదు.

నాటడం, పోషణ

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు చూసుకోండి. వానాకాలంలో నీళ్లు నిలిస్తే బంతి వేరు కుళ్లుతుంది, బోదె మీదే నాటాలి. 20–25 రోజుల నారును సాయంత్రం పూట నాటి నీళ్లు పెట్టండి. ముద్దబంతికి అడుగున్నర, కారబంతికి అడుగు దూరం చాలు. నాటిన మూడు నాలుగు వారాలకు మొగ్గ రాకముందే కొన తుంచేయాలి. అప్పుడే పక్క కొమ్మలు వచ్చి చెట్టు గుబురు కడుతుంది. ఎక్కడ తుంచాలో వీడియోలో చూపించాం.

నాటేటప్పుడు పాదుకు గుప్పెడు ఘనజీవామృతం. తర్వాత 15 రోజులకోసారి లీటరు జీవామృతం 10 లీటర్ల నీళ్లలో కలిపి మొదట్లో పోస్తే సరిపోతుంది. మక్కువ కొద్దీ ఎరువు ఎక్కువేస్తే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. వాడిన పువ్వును ఎప్పటికప్పుడు తుంచేయండి. గింజ కట్టనివ్వకపోతే మొక్క మళ్లీ మొగ్గ వేస్తుంది.

అందమే కాదు, కాపలా కూడా

టమాటాలో కాయతొలుచు పురుగుకు బంతి ఎర పంట. తల్లి పురుగు బంతి పూలకు ఆకర్షితమై అక్కడ గుడ్లు పెడుతుంది. ప్రతి 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేయమని, 25 రోజుల టమాటా నారుతో 40 రోజుల బంతి నారు నాటమని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసు. పెరట్లో అయితే టమాటా మడి చుట్టూ పెట్టుకోవచ్చు. కానీ పెట్టి వదిలేయకూడదు. మొగ్గల్లో చేరిన పురుగుల్ని ఏరేయాలి, లేకపోతే మనమే పురుగును పెంచినట్టు. బంతి వేళ్లలోని పదార్థం వేరుముడి నులిపురుగులను కూడా తగ్గిస్తుంది.

తేనెటీగలు కావాలంటే మాత్రం ముద్దబంతి ఒక్కటే సరిపోదు. దాంట్లో రేకలే ఎక్కువ. ఒంటి రేకల కారబంతి, కాస్మాస్ కూడా ఉండాలి.

విత్తనం దాచుకోండి

హైబ్రిడ్ గింజ తల్లిలా రాదు. నాటు రకమే ఎంచుకోండి. బాగా పూసిన నాలుగైదు మొక్కలకు దారం కట్టి, వాటి తొలి పూలు కోయకుండా చెట్టు మీదే ఎండనివ్వండి. తొడిమ గోధుమ రంగుకు తిరిగాక కోసి నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టండి. నల్లటి గింజే మొలుస్తుంది, తెల్లగా ఉన్నది తాలు. బూడిద కలిపి గుడ్డ సంచిలో కట్టి, ఏడాదిలోపు వాడేయాలి. రంగు చెడకూడదంటే రెండు రకాలను దూరంగా పెంచండి. తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి.

ఇంతకీ నాకు కారబంతి విత్తనం ఎక్కడ దొరికిందో చెప్పలేదు కదా. హైబ్రిడ్ దెబ్బ తిన్నాక పక్కింటి పెద్దమ్మను అడిగాను. లోపలి నుంచి చిన్న మూట తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది మీ అమ్మ నాకిచ్చిందే నాయనా, మీ ఇంట్లో లేదా?" అంది. మా ఇంట్లో ఎప్పుడో పోయింది. ఆ రోజు మా అమ్మ ఒక గుప్పెడు బయటికి ఇవ్వబట్టే మళ్లీ మా గుమ్మానికి చేరింది.

ఈసారి గింజ దాచేటప్పుడు మీరు కూడా ఒక గుప్పెడు పక్కింటికి ఇవ్వండి.