భక్తుని భద్రత – యజమాని బాధ్యత



2025 ఏప్రిల్ 30న, అక్షయ తృతీయ నాడు, సింహాచల క్షేత్రంలో శ్రీ వరాహ లక్ష్మీనృసింహ స్వామివారి చందనోత్సవం జరిగింది. స్వామివారి నిజరూప దర్శనం ఏడాదిలో ఆ ఒక్కరోజే లభిస్తుంది. అందుకే అర్ధరాత్రి నుండే భక్తులు క్యూలైనులలో నిలుచున్నారు. తెల్లవారుజామున గాలివానకు, మూడువందల రూపాయల టిక్కెట్ల వరుస పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు ప్రాణాలు విడిచారు. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 25 లక్షల రూపాయల చొప్పున సహాయం ప్రకటించి, ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం ప్రాథమిక నివేదిక అందిన పిమ్మట ఏడుగురు అధికారులు సస్పెండయ్యారు.

ఆ దుర్ఘటన తరువాత విశాఖలో న్యాయవాదిగా ఉన్న నన్ను పలువురు భక్తులు ఒకే ప్రశ్న అడిగారు. “స్వామి సన్నిధిలో జరిగినదానికి ఎవరిని అడుగుతాం? అది ప్రాప్తం కాదా?” భక్తిపరంగా ఆ మాటకు సమాధానం చెప్పే అర్హత నాకు లేదు. న్యాయశాస్త్రం చెప్పే సమాధానం మాత్రం స్పష్టంగానే ఉంది. దానిని యాత్రికులూ, మండపాలు, సత్రాలు కట్టించే దాతలూ తెలుసుకోవడం అవసరమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

చట్టం ఎక్కడ ఉన్నది?

ఇంటికి వచ్చిన అతిథిని దైవంగా భావించే సంప్రదాయం మనది. ఆ అతిథి క్షేమంగా తిరిగి వెళ్ళేలా చూడవలసిన బాధ్యతను న్యాయశాస్త్రం స్థలాన్ని తన స్వాధీనంలో ఉంచుకొన్నవారిపై మోపింది. ఇంగ్లండులో దీనికోసం 1957లో ప్రత్యేక చట్టమే చేశారు. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. న్యాయస్థానాల తీర్పుల ద్వారా రూపుదిద్దుకొన్న అపకృత్య న్యాయమే మనకు ఆధారం. దాని సారాంశం ఇది: తన ఆవరణలోకి వచ్చేవారికి ఏ అపాయం కలుగవచ్చునో వివేకవంతుడైన యజమాని ముందుగా ఊహించాలి, దానిని నివారించడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలి. తీసుకోనప్పుడు కలిగిన నష్టానికి పరిహారం చెల్లించాలి.

ఇక్కడ రెండు సందేహాలు తరచుగా వస్తుంటాయి. టిక్కెట్టు కొన్నవారికే ఈ రక్షణ ఉంటుందా అన్నది మొదటిది. అలా కాదు. ఉచిత దర్శనానికి వచ్చిన భక్తుడు కూడా ఆహ్వానితుడే. ద్వారాలు తెరచి రమ్మన్నప్పుడే బాధ్యత మొదలవుతుంది. రెండవ సందేహం, ఆస్తి స్వామివారిది కదా, యజమాని ఎవరని. దేవతామూర్తిని మన న్యాయస్థానాలు ఆస్తి కలిగి ఉండగల వ్యక్తిగానే గుర్తిస్తాయి. అయితే ఆ ఆస్తిని నడిపేది మానవులే. బాధ్యతను నిర్ణయించేటప్పుడు దస్తావేజులో ఎవరి పేరు ఉన్నదని మాత్రమే చూడరు. స్థలం ఎవరి అదుపులో ఉన్నది, లోపాన్ని సరిదిద్దే అధికారం ఎవరికి ఉన్నది అన్నదే ముఖ్యం.

రెండు తీర్పులు

ఢిల్లీ చాందినీచౌక్‌లో పురపాలక సంస్థకు చెందిన గడియార స్తంభం కూలి దారిన పోయేవారు మరణించారు. ఆ కట్టడానికి దాదాపు 80 ఏళ్ళ వయస్సు. అందులో వాడిన సున్నపు అడుసు మన్నిక 40, 45 ఏళ్ళు మాత్రమే. లోపం బయటకు కనబడలేదని, తమకు తెలియదని సంస్థ వాదించింది. 1966లో సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. ప్రజలు తిరిగే దారిని ఆనుకొని కట్టడం ఉన్నవారు దానిని పరీక్షించుకుంటూ ఉండాలని, దాగి ఉన్న లోపానికి కూడా వారే బాధ్యులని చెప్పింది. సరిగా చూసుకొనే కట్టడం తనంతట తాను కూలదు కనుక, కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని భావించింది. బాధితులు ప్రతి చిన్న వివరాన్నీ నిరూపించనవసరం లేకుండా పోయింది.

రెండవది ఢిల్లీ ఉపహార్ సినిమాహాలు వ్యవహారం. 1997 జూన్ 13న అక్కడ చెలరేగిన అగ్నిప్రమాదంలో 59 మంది మరణించారు. 2011లో సుప్రీంకోర్టు నష్టపరిహారంలో 85 శాతం హాలు నిర్వాహకులు, 15 శాతం విద్యుత్ బోర్డు భరించాలని తీర్పు చెప్పింది. ఒకే ప్రమాదానికి ఒకరికంటె ఎక్కువమంది బాధ్యులు కావచ్చునని, ఎవరి వంతు వారిదేనని దీనివల్ల తెలుస్తుంది. “కాంట్రాక్టరు కట్టాడు, మాకు సంబంధం లేదు” అని చేతులు దులుపుకోవడం అంత సులభం కాదు.

అపాయకరమైన పదార్థాలతో పని చేసేవారికి ఇంకా కఠినమైన నియమం ఉంది. నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా వారే బాధ్యులని ఢిల్లీలో ఓలియం వాయువు వెలువడిన కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. 2020 మే 7న మన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు వెలువడి ప్రాణనష్టం జరిగిన మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆ సంస్థను ఆదేశించినది విశాఖవాసులకు గుర్తుండే ఉంటుంది.

సహాయం వేరు, పరిహారం వేరు

దుర్ఘటన జరిగిన వెంటనే ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చే సహాయం. నష్టపరిహారం హక్కుగా వచ్చేది. మరణించిన వ్యక్తి వయస్సు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య చూసి న్యాయస్థానం దానిని లెక్క కడుతుంది. సహాయం పుచ్చుకొన్నంత మాత్రాన సాధారణంగా పరిహారపు హక్కు పోదు. అయితే ఏ కాగితంపైన సంతకం చేస్తున్నారో చదివి చేయాలి.

మరణం సంభవించినప్పుడు భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లల పక్షాన 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వేయవచ్చు. గడువు రెండేళ్ళు. ప్రభుత్వంపై దావా వేయాలంటే ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. డబ్బు చెల్లించి తీసుకొన్న గది వంటి సేవలో లోపం వల్ల హాని కలిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. దానికీ రెండేళ్ళే గడువు. ఇవిగాక, నిర్లక్ష్యం వల్ల మరణం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ళ వరకు శిక్ష ఉంది. శిక్ష పడినంత మాత్రాన కుటుంబానికి పరిహారం దానంతట రాదు. రెండు దారులూ వేర్వేరు.

ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల ధ్రువపత్రం లేక పోస్టుమార్టం నివేదిక, ఆసుపత్రి బిల్లులు, దర్శనం టిక్కెట్టు, ఆ స్థలం ఫోటోలు భద్రపరచాలి. స్త్రీలకు, పిల్లలకు, సామూహిక విపత్తు బాధితులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

భక్తుల వంతు జాగ్రత్త కూడా ఉన్నది. బారికేడ్లు దాటి, వద్దన్నచోటికి ఎక్కి గాయపడితే, ఆ మేరకు పరిహారం తగ్గుతుంది.

దాతలకు మనవి

2025 నవంబరు 1న కార్తిక ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక ప్రైవేటు ఆలయంలో జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది మరణించారు. ఆ ఆలయం దేవాదాయ శాఖ ఆధీనంలోనిది కాదు. సొంత స్థలంలో భక్తితో గుడి కట్టించినవారికి కూడా, వచ్చే జనాన్ని ఊహించి దారులు, ద్వారాలు ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఉంటుందన్నది అందరూ గ్రహించవలసిన విషయం.

మండపాన్ని కట్టించి, పత్రం వ్రాసి దేవస్థానానికి పూర్తిగా అప్పగించిన దాత దాని నిర్వహణ బాధ్యత నుండి చాలావరకు బయటపడతాడు. తాళంచెవి, అద్దె, నిర్వహణ తన కుటుంబం చేతిలోనే ఉంచుకొన్న దాతకు ఆ బాధ్యత కొనసాగుతుంది. శిలాఫలకంపై పేరు ఉండటం వేరు, అదుపు ఉండటం వేరు.

మన ఊరు సముద్రం, కొండల నడుమ ఉన్నది. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, పెచ్చులు రాలుతాయి. కొండవాలున మట్టిని ఆపే గోడ వెనుక వాన నీరు నిలిస్తే, తడిసిన మట్టి బరువుకు నీటి ఒత్తిడి తోడై గోడను ముందుకు నెడుతుంది. అందుకే అటువంటి గోడకు లోతైన పునాది, నీరు బయటకు పోయే రంధ్రాలు తప్పనిసరి. కనుక విరాళమిచ్చే ముందు ఈ విషయాలు అడగండి: ఇంజనీరు నక్షా, అనుమతి ఉన్నాయా? ఉత్సవ తేదీకోసం పని తొందర పెట్టడం లేదు కదా? ఏటా పరీక్ష చేయించేది ఎవరు? జనం బయటకు పోవడానికి రెండవ దారి ఉన్నదా? ప్రజా బాధ్యత బీమా తీసుకొన్నారా? వీధిలో అన్నదానానికి షామియానా వేసేవారు పైన కరెంటు తీగలు, కింద గ్యాసు సిలిండర్లు ఎక్కడున్నాయో చూడాలి.

ఇలా అడగడం వల్ల దానఫలం తగ్గుతుందని ఎవరూ అనుకోవద్దు. అలాగే పరిహారం కోరిన కుటుంబం స్వామితో తగవు పెట్టుకొన్నట్లు కాదు. ఆ కుటుంబం అడిగేది స్వామివారి ఆవరణను నడిపే మానవులను. వారు లెక్క చెప్పవలసిరావడం వల్లనే మరుసటి ఏటి క్యూలైను పక్కన గోడ గట్టిగా నిలుస్తుంది.

దర్శనానికి వచ్చిన ప్రతి భక్తుడూ ప్రసాదంతో క్షేమంగా ఇల్లు చేరాలని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.