మసాలా పొట్లంలో రాతిపువ్వు

రండర్రా, ఇలా చాప మీద కూర్చోండి. ఇదిగో, వంటింట్లోంచి పట్టుకొచ్చిన రాతిపువ్వు. బిర్యానీలో వేస్తారే, అదే. పేరుకే పువ్వు గానీ దీనికి మొక్కా లేదు, మొగ్గా లేదు. ఇది లైకెన్. బూజు జాతిదొకటి, నాచు జాతిదొకటి కలిసి పెట్టిన కాపురం. బూజు ఇల్లు కట్టి తడిని పట్టి ఉంచుతుంది, నాచు ఎండతో వండిపెడుతుంది. శాస్త్రవేత్తలు పెట్టే పేరు మాత్రం ఇల్లు కట్టిన బూజుదే. వండిపెట్టేవాళ్ల పేరు గుమ్మం మీద ఉండకపోవడం మనకేం కొత్త కాదులే!

జాతి తేల్చాలంటే ముందు వాటం చూడాలి. మామిడి మాను మీద తెల్ల మచ్చలుంటాయి చూశారూ, గోరుతో గీకినా ఊడవు, అవి పెచ్చు రకం. ఊటీ వైపు కొమ్మలకు పోగులు పోగులుగా వేలాడేవి పొద రకం. మన రాతిపువ్వు ఆకు రకం.

ఏదీ, ఆ భూతద్దం ఇలా పట్టుకో బుజ్జీ. పైన బూడిదరంగు, కింద నలుపు. అంచున సన్నటి నల్ల వెంట్రుకలు, పక్కనే తెల్లటి పొడి. ఇది పార్మోట్రెమా పెర్లేటం. ఇప్పుడీ రెండో ముక్క చూడు. వెంట్రుకల్లేవు, పొడి లేదు. పైన మాత్రం వేలికి గరుగ్గా తగిలే చిన్నచిన్న మొలకలు. ఇది పార్మోట్రెమా టింక్టోరం. బజారు పొట్లంలో రెండూ కలిసే వస్తుంటాయి.

అనుమానం తీరలేదా? పైపొర గీకి, లోపలి తెలుపు మీద బ్లీచింగ్ పౌడర్ నీళ్లు ఒక్క చుక్క వేస్తాను. మీరు ముట్టుకోకండి. చూశారా, టింక్టోరం ఎర్రబడింది! పెర్లేటం ఉలకదు, పలకదు. టింక్టోరంలో ఉన్న లెకనోరిక్ ఆమ్లం మహిమ అది. ఈ చుక్క పరీక్షను 1866లో విలియం నైలాండర్ అనే ఫిన్లాండ్ ఆయన చెప్పాడు.

మన దేశపు లైకెన్లకు దారి చూపింది లక్నోకు చెందిన ధరణీధర్ అవస్థి గారు. 1988లో ఆకు రకాలకు, పొద రకాలకు, 1991లో పెచ్చు రకాలకు ఆయన ప్రశ్నల వరసలు అచ్చువేశారు. వెంట్రుకలున్నాయా? అయితే ఇటు పో. లేవా? అటు పో. అలా నడుచుకుంటూ పోతే చివర్లో పేరు దొరుకుతుంది. పెచ్చు రకాలకైతే మైక్రోస్కోపూ కావాలి, ఓపికా కావాలి.

చెట్ల మీదివి పీకకండి, ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి పాపం. అమ్మనడిగి పొట్లంలోవి తెచ్చుకోండి. చుక్క వేసినవి మాత్రం మళ్లీ డబ్బాలో వెయ్యకండర్రా, ఆదివారం బిర్యానీ తినాల్సింది మనమే!