ఎవరు రాశారో చూసి పుస్తకానికి సంకెళ్లు

రాజమండ్రి: ఈ జిల్లాలో కందుకూరి వీరేశలింగం పంతులు గారి పేరు తెలియనివారు అరుదు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి, వెలివేస్తామని బెదిరించినా లొంగని మనిషి. ఆడవారి పక్షాన అంతగా నిలబడిన ఆయనే ఒక ఆడమనిషి రాసిన కావ్యాన్ని చీదరించుకున్నారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆ కవయిత్రి ముద్దుపళని. తంజావూరును ప్రతాపసింహుడు (1739-63) ఏలిన రోజుల్లో ఆయన కొలువులో ఉన్న భోగం స్త్రీ. ఏలినవారు మరాఠాలైనా ఆ కొలువులో తెలుగు కవిత్వానికి పెద్దపీట ఉండేది. ఆమె కావ్యం 'రాధికా సాంత్వనము'. తాను పెంచిన ఇళను రాధే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆపైన తట్టుకోలేక అలుగుతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలుకుంటాడు. శృంగారం దండిగానే ఉంది. పిల్లల చేత చదివించే పుస్తకమైతే కాదు.

పంతులు గారు తమ 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ఈమెను వేశ్య అని ఎత్తిపొడిచారు. ఇందులోని కొన్ని పద్యాలు ఆడది రాయడం మాట అటుంచి, వినడానికే తగవన్నారు. ఆయన కోపానికి కారణం లేకపోలేదు. పెళ్లిళ్లలో భోగం మేళాలు పెట్టించడం, వాటి మోజులో కొంపలు గుల్ల చేసుకోవడం కళ్లారా చూసి, ఆ ఆచారం మాన్పించడానికి పాటుపడిన మనిషాయన. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మేళం మీది కోపం కావ్యం మీద పడింది.

మద్రాసులో ఉండే గాయని బెంగుళూరు నాగరత్నమ్మకు ఇది మింగుడుపడలేదు. ఆమెదీ భోగం కులమే. 1887లో అచ్చయిన ప్రతిలో కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. నాగరత్నమ్మ తాళపత్ర ప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి చేత మొత్తం కావ్యం అచ్చు వేయించింది. ముందుమాటలో పంతులు గారినే నిలదీసింది. సిగ్గు ఆడవారికేనా, మగవారికి అక్కర్లేదా? ఇంతకు మించిన శృంగారం ఉన్న 'వైజయంతీ విలాసము'ను తమరే చూసి అచ్చుకు ఒప్పుకోలేదా?

పంతులు గారి తప్పు తప్పే. అంతమాత్రాన ఆయన జరిపించిన పెళ్లిళ్లు చిన్నవైపోవు. ముద్దుపళని ఏ కులంలో పుట్టినా ఆమె పద్యం నడకకు వచ్చే లోటూ లేదు.

అప్పట్లో ఆ వివేచన ఎవరికి పట్టింది? పత్రికల్లో దుమారం లేచింది. 1911లో మద్రాసు పోలీసులు పుస్తకాలు పట్టుకుపోయారు. పండితులు కొందరు మొర పెట్టుకున్నా దొరలు వినలేదు. నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. ఆ ఉత్తర్వు ఇచ్చింది అప్పటి మద్రాసు ప్రధాని టంగుటూరి ప్రకాశం పంతులు. ఆయన ఒకప్పుడు ఈ రాజమండ్రి మున్సిపాలిటీకే ఛైర్మన్.