ఒకవైపే మూసుకొనే ముక్కు

కర్నూలులో చెవి, ముక్కు, గొంతు వైద్యునిగా పనిచేసిన కాలంలో నేను చూసిన రోగులలో ఒకరు కడప జిల్లాకు చెందిన వడ్రంగి. తమ గ్రామ దేవాలయ రథానికి ఏటా మరమ్మతులు చేసేది ఆయనే. కుడి ముక్కు మూసుకొనిపోయి, అప్పుడప్పుడు నెత్తురు చారలు కనిపించినప్పుడు వేడి చేసిందనుకున్నారు. మన సీమ ఎండలకు ముక్కు ఎండి రక్తం రావడం సాధారణమే. ఏడు నెలల తరువాత చెంప ఉబ్బి, మొద్దుబారి, పైపళ్ళు కదలడంతో నా వద్దకు వచ్చారు. పరీక్షలో అది చెంప ఎముకలోని సైనస్‌లో పుట్టిన క్యాన్సర్ అని తేలింది.

ముక్కు చుట్టూ ఎముకలలో ఉండే గాలి గదులే సైనస్‌లు. వీటిలో, ముక్కు లోపల వచ్చే క్యాన్సర్లు చాలా అరుదు. తల, మెడ క్యాన్సర్లలో ఇవి 100కు 3 నుండి 5 మాత్రమే. గదులు ఖాళీగా ఉంటాయి గనుక గడ్డ నొప్పి లేకుండానే పెరుగుతుంది. పైన కన్ను, ఆ పైన మెదడు, కింద అంగిలి ఉండడమే ఇందులోని ప్రమాదం.

ఇది పాపఫలమనీ, శాపమనీ భావించరాదు. 1960ల దశకంలో ఇంగ్లండులోని హై వైకొంబ్ ప్రాంతపు కుర్చీల తయారీ కార్మికులలో ఈ వ్యాధి అధికంగా ఉన్నట్లు వైద్యులు గమనించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ కలప ధూళిని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. తోలు ధూళి, పొగాకు పొగ కూడా కారణాలే. ఏ కారణమూ కనబడని రోగులూ ఉన్నారు.

చికిత్సలో శస్త్రచికిత్స ప్రధానం. ఆ పిదప చాలామందికి వారానికి 5 రోజుల చొప్పున సుమారు 6 వారాలు రేడియేషన్ ఇస్తారు. కొందరికి కీమోథెరపీ కూడా అవసరం. వ్యాధి పుట్టినచోటనే ఉండగా గుర్తిస్తే 100 మందిలో 80 మందికి పైగా 5 సంవత్సరాలు దాటి జీవిస్తున్నారని అమెరికా గణాంకాలు తెలుపుతున్నాయి. ఇతర అవయవాలకు పాకితే ఆ సంఖ్య సగానికి దిగువనే. దురదృష్టవశాత్తు ఎక్కువమంది ఆలస్యంగానే వస్తారు.

మా వడ్రంగికి కుడి పైదవడ ఎముకను తొలగించవలసి వచ్చింది. అంగిలిలో ఏర్పడిన రంధ్రానికి దంతవైద్యులు తొడుగు అమర్చారు. దానితో ఆయన మరల మాట్లాడగలిగారు, భోజనం చేయగలిగారు. అయితే రేడియేషన్ మూడవ వారంలో, పట్టణంలో ఉండే చోటు లేక ఊరికి వెళ్ళిపోతానన్నారు. మధ్యలో మానితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక భక్తుడు సత్రంలో గది, రెండు పూటల భోజనం ఏర్పాటు చేయడం వల్లనే ఆయన చికిత్స పూర్తయింది.

దాతలకు నా విన్నపం ఇదే. అర్హులైన పేదలకు ఎన్టీఆర్ వైద్య సేవ పథకం చికిత్స వ్యయాన్ని భరిస్తుంది. దూరపు పల్లెల నుండి వచ్చే రోగికీ, తోడు వచ్చినవారికీ ఆ 6 వారాలు నీడ, అన్నం కల్పించడం మనకు సాధ్యమైన సేవ.

యాత్రికులకు మరొక మాట. ముక్కు మూసుకొనడం చాలావరకు జలుబో, అలర్జీయో అయి ఉంటుంది. కాని ఒకవైపే మూసుకొని, లేదా ఒకవైపు నుండే రక్తం వస్తూ 3 వారాలు దాటితే వైద్యునిచే లోపల చూపించుకొనండి. మ్రొక్కు మ్రొక్కుకొనండి, పరీక్షను మాత్రం వాయిదా వేయకండి.

చికిత్స ముగిసిన ఆరవ సంవత్సరం ఆ వడ్రంగి నన్ను రథోత్సవానికి పిలిచారు. వెళ్ళేసరికి, ముక్కుకు మాస్కు కట్టుకొని చక్రానికి చీల బిగిస్తున్నారు.