పెద్ద పార్కు ఎవరిది?

ఈ నెల ఎనిమిదో తరగతి ఇంగ్లిష్‌లో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ చెప్పాం. "రాము సోము కంటే పొడుగు" లాంటి వాక్యాలకు పిల్లలు ఆవలిస్తారు. అందుకే ఈసారి పెద్ద నగరాల పార్కులు తీసుకున్నాను. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ 843 ఎకరాలు. లండన్ హైడ్ పార్క్ 350. హైదరాబాద్ కేబీఆర్ పార్క్ దాదాపు 390. బెంగళూరు కబ్బన్ పార్క్ దాదాపు 300. బిగ్గర్, స్మాలర్, బిగ్గెస్ట్ అన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "మేడమ్, వీటిలో క్రికెట్ ఎక్కడ ఆడనిస్తారు?"

ఎకరాల లెక్కలో దీనికి జవాబు లేదు. ఆ స్థలాన్ని మొదట ఎవరు, ఎందుకోసం పక్కన పెట్టారో చూస్తే కొంత దొరుకుతుంది.

హైడ్ పార్క్ ఒక రాజుగారి వేట సరదా. 1536లో ఎనిమిదో హెన్రీ ఆ భూమిని వెస్ట్‌మిన్‌స్టర్ మఠం నుంచి తీసుకుని జింకల వేటకు వాడుకున్నాడు. వందేళ్ల తర్వాత, 1637లో, మొదటి చార్లెస్ జనానికి గేట్లు తెరిచాడు. ఇప్పటికీ దాన్ని రాయల్ పార్క్ అనే అంటారు, కానీ టికెట్ లేదు. పొద్దున ఐదింటికి తెరిస్తే అర్ధరాత్రి దాకా ఎవరైనా వెళ్లి గడ్డి మీద పడుకోవచ్చు. ఒక మూల స్పీకర్స్ కార్నర్ ఉంది. అక్కడ ఎవరైనా నిలబడి మాట్లాడవచ్చు, వినేవాళ్లు ఎదురు ప్రశ్నలు వేయవచ్చు. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు ఆ పార్కులో అన్నిటికంటే నచ్చింది ఆ మూలే. 1851లో గాజు, ఇనుముతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టింది కూడా ఈ పార్కులోనే. బెంగళూరు లాల్‌బాగ్‌లో మన పిల్లలు ఫొటోలు దిగే గ్లాస్ హౌస్‌కు స్ఫూర్తి అదే.

సెంట్రల్ పార్క్ కథ వేరు. అక్కడ రాజు లేడు. 1850లలో నగరమే తన జనం కోసం భూమి కొన్నది. అమెరికాలో ఉన్న మన బంధువులు పంపే ఫొటోల్లో ఆ చెరువులు, చెట్లు చూసి అది అడవిలో మిగిలిన ముక్క అనుకుంటాం. నిజానికి అందులో చాలా భాగం మనుషులు కట్టిందే. 1858 పోటీలో గెలిచిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌ల ప్లాన్ ప్రకారం చెరువులు తవ్వారు, బయటినుంచి మట్టి తెచ్చి పోశారు, లక్షల మొక్కలు నాటారు. అడ్డంగా పోయే నాలుగు రోడ్లను నేలమట్టానికి కిందుగా దించారు. అందువల్ల పార్కులో నడిచేవాళ్లకు ఆ వాహనాలు పెద్దగా కనిపించవు. గుర్రపు బళ్ల కాలంలోనే ఇంత ముందుచూపు! అందులో షీప్ మెడో అనే పెద్ద పచ్చిక ఉంది. పేరుకు తగ్గట్టు 1934 వరకు అక్కడ నిజంగానే గొర్రెలు మేసేవి.

అయితే ఆ భూమి ఖాళీగా లేదు. సెనెకా విలేజ్ అనే ఊరు ఉండేది. దాదాపు 225 మంది, ఎక్కువగా నల్లజాతివాళ్లు, చాలామందికి సొంత ఇళ్లు, చర్చిలు, ఒక బడి. 1857 నాటికి ఊరంతా ఖాళీ చేయించారు. స్థలాల యజమానులకు డబ్బిచ్చారు, కానీ ఊరు పోయింది. "అందరి కోసం" అన్న మాటలో ఆ 225 మంది లేరు. మన దగ్గరా ఇలాంటిది ఉంది. ఢిల్లీ లోధీ గార్డెన్ కోసం 1936లో ఆ సమాధుల చుట్టూ ఉన్న ఊరివాళ్లను వేరేచోటికి పంపించారు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంది. నేనూ వెంటనే గ్రామర్‌లోకి వెళ్లలేదు.

ఇక క్రికెట్ ప్రశ్నకు అన్నిటికంటే మంచి జవాబు కోల్‌కతా మైదానం. ప్లాసీ యుద్ధం తర్వాత ఈస్టిండియా కంపెనీ కొత్త ఫోర్ట్ విలియం కట్టింది. ఫిరంగి గుళ్లకు ఏ చెట్టూ, ఏ ఇల్లూ అడ్డు రాకూడదని కోట చుట్టూ నేలంతా చదును చేయించింది. ఫిరంగుల కోసం వదిలిన ఆ ఖాళీ ఇప్పుడు వెయ్యి ఎకరాల ఆటస్థలం. భూమి ఇప్పటికీ సైన్యానిదే, మధ్యాహ్నం అయితే మాత్రం పిల్లలది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల మైదానాలూ అక్కడే ఉన్నాయి.

మరి మన కేబీఆర్? ఒకప్పుడు నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఆవరణ అది. ఉమ్మడి రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో 1998లో జాతీయ ఉద్యానవనం అయింది. "టికెట్ పెట్టి లోపలికి పోతే బాల్ తేవద్దంటారు, తినుబండారాలు తేవద్దంటారు, మధ్యాహ్నం మూసేస్తారు" అని పేరెంట్స్ మీటింగుల్లో కొందరు నాతో అన్నారు. నిజమే. కానీ పేరులో పార్క్ ఉన్నా చట్టం దృష్టిలో అది అడవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడం కూడా నిషేధం. న్యూయార్క్ గొర్రెలకు ఇక్కడ ప్రవేశం ఉండేది కాదన్నమాట. నెమళ్లు, పాములు, గ్రానైట్ బండలు ఉన్న చోట వాటి పద్ధతే నడవాలి. వనస్థలిపురం దగ్గర 3,600 ఎకరాలకు పైగా ఉన్న హరిణ వనస్థలి కృష్ణజింకలదీ, విశాఖ పక్కనున్న కంబాలకొండదీ ఇదే సంగతి. ముంబైలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం అయితే దాదాపు 104 చదరపు కిలోమీటర్లు, చిరుతలతో సహా. ఎకరాల్లో సెంట్రల్ పార్క్ దానిలో ముప్పయ్యో వంతు లేదు. అయినా కొలాబాలో ఉండే పిల్లవాడికి సాయంత్రం ఆటకు అది పనికిరాదు.

నా అభిప్రాయం ఏమిటంటే, కేబీఆర్ కఠినంగా ఉండటం తప్పు కాదు. ఇంటి దగ్గర ఆడుకునే జాగా లేక, ఆ పనిని కూడా అడవే చేయాలని మనం అడుగుతున్నాం. అక్కడ వస్తోంది చిక్కు.

యూరప్‌లో నగర అడవుల మీద పనిచేసే పరిశోధకుడు సెసిల్ కొనైనెండైక్ 2021లో ఒక తేలికైన కొలత చెప్పారు. దాని పేరు 3-30-300. ఇంటి కిటికీలోంచి 3 చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్ల లోపు ఒక పార్కు ఉండాలి. ఇందులో రెండోది మనకు కొలవడం కష్టం. మొదటిది కర్టెన్ తీస్తే తెలిసిపోతుంది. మూడోది నడిస్తే తెలుస్తుంది. లేఅవుట్లలో పార్కు కోసం కొంత స్థలం వదలాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ఆ స్థలం ఇప్పుడు కార్ల పార్కింగా, ఫంక్షన్ల టెంటా, ట్రాన్స్‌ఫార్మరా, నిజంగా పార్కేనా అన్నది ఒక్కో కాలనీలో ఒక్కోలా ఉంది. పార్కే అయినా "ఆటలు ఆడరాదు" అన్న బోర్డు గేటు మీద ఉండొచ్చు. "స్టడీ అవర్ అయి బస్సు దిగేసరికి గేటు వేసేస్తున్నారు మేడమ్" అని ఇద్దరు ముగ్గురు పిల్లలు చెప్పారు. ఆ మాట కాలనీ అసోసియేషన్‌కు ఎంత తగులుతుందో స్కూలుకూ అంతే తగులుతుంది. స్టాఫ్ మీటింగులో చెప్పాను.

కాబట్టి ఈ నెల హోంవర్క్ మీరూ పిల్లలూ కలిసి చేయాల్సింది. ఒక ఆదివారం ఇంటి గేటు నుంచి దగ్గర్లోని పచ్చటి చోటుకు నడవండి. 300 మీటర్లంటే పిల్లల అడుగుల్లో సుమారు 500. దారిలో ఎన్ని రోడ్లు దాటాలి, నీడ ఎక్కడుంది, ఫుట్‌పాత్ ఉందా, గేటు టైమింగ్స్ ఏమిటి, బోర్డు మీద ఏం రాసుందో రాయించండి. తర్వాత దాన్ని ఈ వ్యాసంలోని ఏదో ఒక పార్కుతో పోలుస్తూ ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు, ఒక మ్యాప్. చార్టులు, గ్లిటర్ పెన్నులు కొననక్కర్లేదు, ఒక తెల్ల కాగితం చాలు. దయచేసి మ్యాప్ మీరు గీసి పంపకండి. గీతలు వంకరపోయినా వాళ్లనే గీయనివ్వండి.