తుపాకీ చట్టాలు – హింసాత్మక నేరాలు: అమెరికా పరిశోధక వివాదం

వ్యాససంగ్రహం:
పౌరుల చేతిలో ఆయుధం ఉంటే నేరం తగ్గుతుందా, పెరుగుతుందా అనే ప్రశ్నపై అమెరికా పరిశోధకులు మూడు దశాబ్దాలుగా భిన్నాభిప్రాయాలతో ఉన్నారు. ఒకే తరహా గణాంకాల నుండి పరస్పర విరుద్ధ నిర్ధారణలు ఎలా వెలువడ్డాయో, ఆ చర్చను న్యాయస్థానం ఏ దిశకు మళ్లించిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తుపాకీ నియంత్రణ, హింసాత్మక నేరం, రెండవ సవరణ, గణాంక పద్ధతి, కార్యకారణ సంబంధం.

1. ఉపోద్ఘాతం:
అమెరికాలో కాల్పుల వార్త వెలువడినప్పుడల్లా, పిల్లలను అక్కడికి చదువులకు పంపిన తెలుగు కుటుంబాలలో ఆందోళన కలుగుతుంది. ఇన్ని మరణాలు జరిగినా చట్టం ఎందుకు మారదన్న ప్రశ్న వెంటనే వినిపిస్తుంది. దీనికి సమాధానం రాజకీయాలలోనే కాక రాజ్యాంగంలోనూ, ఆధారాల స్వరూపంలోనూ ఉంది. 1791లో ఆమోదం పొందిన రెండవ సవరణ ఆయుధధారణను హక్కుగా పేర్కొంది. ఆ హక్కు పౌరసైన్యంతో నిమిత్తం లేకుండా వ్యక్తికి చెందుతుందని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

2. గణాంకాల వివాదం:
జాన్ లాట్, డేవిడ్ మస్టర్డ్ 1977–1992 మధ్యకాలపు కౌంటీల నేర గణాంకాలను పరిశీలించి 1997లో ఒక వ్యాసం ప్రకటించారు. తుపాకీని దాచి వెంట తీసుకువెళ్లేందుకు అనుమతులు సులభం చేసిన రాష్ట్రాలలో హింసాత్మక నేరాలు తగ్గాయని వారు తేల్చారు. ఎదుటివారి వద్ద ఆయుధం ఉండవచ్చన్న భయం నేరస్థుణ్ణి నిలువరిస్తుందన్నది వారి తర్కం. ఇదే వాదనను లాట్ 1998లో ‘మోర్ గన్స్, లెస్ క్రైమ్’ గ్రంథంగా విస్తరించారు.

విమర్శకులు ఇక్కడ కార్యకారణ సంబంధాన్ని ప్రశ్నించారు. 1980ల నడుమ నుండి క్రాక్ కొకైన్ వ్యాపారం పెద్ద నగరాలలో హత్యలను పెంచింది. ఆ తాకిడి తక్కువగా ఉన్న రాష్ట్రాలే ఎక్కువగా అనుమతులు సులభం చేశాయి గనుక, కనిపించిన తేడా చట్టం ఫలితం కాకపోవచ్చునని వారి అభ్యంతరం.

జాతీయ పరిశోధన మండలి సంఘం 2004లో ఈ అధ్యయనాలను సమీక్షించింది. అప్పటికి లభ్యమైన ఆధారాలతో ఈ చట్టాలు నేరాన్ని తగ్గించాయని గాని, పెంచాయని గాని చెప్పలేమని పేర్కొంది. సంఘ సభ్యుడు జేమ్స్ క్యూ. విల్సన్ హత్యల విషయంలో ఈ అభిప్రాయంతో విభేదించారు.

2019లో జాన్ డొనొహ్యూ బృందం మరొక పద్ధతిని అనుసరించింది. చట్టం మార్చని రాష్ట్రాల గణాంకాలను తగిన పాళ్లలో కలిపి, చట్టం మార్చిన రాష్ట్రాన్ని పోలిన ఊహా రాష్ట్రాన్ని నిర్మించి, రెండింటినీ పోల్చింది. చట్టం వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు 13–15 శాతం అధికంగా ఉన్నాయని అంచనా వేసింది.

3. లెక్కకు రానివి:
2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది మరణించగా, వారిలో 26,328 మందివి ఆత్మహత్యలు. నేరాన్ని మాత్రమే కొలమానంగా తీసుకుంటే సగానికి పైగా మరణాలు చర్చకు వెలుపలే మిగిలిపోతాయి. పైగా, ప్రజారోగ్య సంస్థ నిధులను తుపాకీ నియంత్రణ ప్రచారానికి వాడరాదని 1996లో కాంగ్రెస్ విధించిన నిబంధన తరువాత ఈ రంగంలో పరిశోధన కుంటుపడింది. 2020 ఆర్థిక సంవత్సరానికి గాని మళ్లీ 2.5 కోట్ల డాలర్లు కేటాయించలేదు.

4. న్యాయస్థానం మార్గం:
2022లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు న్యూయార్క్ అనుమతి నిబంధనను కొట్టివేసింది. ఆయుధ చట్టం చెల్లాలంటే అది దేశపు చారిత్రక నియంత్రణ సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలని నిర్దేశించింది. దీనితో నేర గణాంకాల కన్నా పూర్వపు శాసనాలకు ప్రాధాన్యం పెరిగింది. అయితే, గృహహింస కేసులలో నిరోధక ఉత్తర్వులకు లోబడినవారు తుపాకీ కలిగి ఉండరాదన్న చట్టాన్ని 2024లో రహీమీ కేసులో అదే న్యాయస్థానం సమర్థించింది.

5. ముగింపు:
ప్రభావం నిరూపణ కాలేదనడం, ప్రభావం లేదనడం ఒకటి కావు. 2004 నాటి సమీక్షను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చదువుకోవడానికి ఈ భేదాన్ని విస్మరించడమే కారణం. ఏ కాలాన్ని ఎంచుకున్నారు, దేనితో పోల్చారు, ఏ మరణాలను లెక్కించారు అన్నవాటిని పరిశీలించిన తరువాతే ఇటువంటి అధ్యయనాల నిర్ధారణలను స్వీకరించడం సమంజసం.